రివాల్వర్ మార్చాలా వద్దా? గుంటగట్టు రైతులకు కొన్ని సలహాలు

రొయ్యకు రేటు వచ్చిన ఏడాది నెల్లూరు తీరంలోని మా మైపాడు వైపు మూడు మారతాయి. కారు, ఇంటి ముందు గేటు, నడుముకుండే రివాల్వర్. కారు గురించీ గేటు గురించీ చెప్పేవాళ్లు టీ అంగడికొకరున్నారు. రివాల్వర్ గురించి నోరు విప్పేవాడు లేడు. ఇరవై మూడేళ్లుగా లైసెన్సు ఉన్నవాణ్ణి, ఆ ఇరవై మూడేళ్లలో ఒకే ఒక్క గుండు పేల్చినవాణ్ణి, ఈ పనికి నాకన్నా అర్హుడు ఎవరుంటాడని పూనుకున్నాను.

ఆ ఒక్క గుండు సంగతి ముందే చెప్పేస్తే మంచిది. ఒక వానాకాలం రాత్రి గట్టు మీద టార్చి వేస్తే నల్లగా, చుట్ట చుట్టుకుని ఏదో కనిపించింది. పేల్చాను. తెల్లారి చూస్తే తాడు. శంకరాచార్యులవారు తాడూ పామూ కథ చెప్పి వెయ్యేళ్లు దాటినా అది నా దాకా రాలేదు. గుండు తాడుకూ తగల్లేదు. గుంట నీళ్లకు గాలి అందించే ఏరేటర్ కింద ఉండే తెల్లటి ఫ్లోటులో దిగింది. ఆ ఏరేటర్ వారం రోజులు కుంటి బాతులాగా ఒక పక్కకు ఒరిగి తిరిగింది. మా కూలీలు ఇప్పటికీ దాన్ని ఎన్‌కౌంటర్ ఏరేటర్ అంటారు.

ఇక విషయానికొస్తాను. పాతది అమ్మి కొత్త తరంది కొనాలా అని తేల్చుకునేటప్పుడు చాలామంది చేసే తప్పు ఒకటుంది. 'ఇన్నాళ్లలో దీంతో నాకు ఏం పని పడింది?' అని ఆలోచిస్తారు. ఆ ప్రశ్న జోలికి పోవద్దు. పోయారా, కొత్తది కొనకపోవడం అలా ఉంచి, ఉన్నది కూడా అప్పగించి వచ్చే ప్రమాదం ఉంది.

దానికి బదులు డల్లాస్‌లో ఉండే బామ్మర్దిని అడగండి. మా వాడు ఏటా ఒక కొత్త ఫోటో పంపిస్తాడు. "బావా, నువ్వింకా ఆ మడిచే సామానే పెట్టుకోనుండావా?" అంటాడు. వాడిది గ్లాక్. ఆస్ట్రియా దేశపు పిస్టల్. అక్కడి సైన్యం 1982లో ఎంచుకుంది. అప్పట్నుంచి తరాలు లెక్కపెట్టి అమ్ముతున్నారు. తరం అంటే ఏమిటో వాడి పిడి చూస్తేనే నాకు అర్థమైంది. మూడో తరంలో పిడికి ముందువైపు వేళ్లు ఇమిడేట్టు గాళ్లు పెట్టారు. జనం మెచ్చుకుని కొన్నారు. 2017లో వచ్చిన ఐదో తరంలో ఆ గాళ్లు తీసేశారు. జనం మళ్లీ మెచ్చుకుని కొన్నారు. పెట్టినప్పుడూ మెరుగే, తీసినప్పుడూ మెరుగే. ఇంతకన్నా గట్టి వ్యాపారం మా రొయ్యల్లో కూడా లేదు.

ఇక్కడ ఒక చిన్న చిక్కు. వాడి గ్లాక్ 9 ఎం.ఎం.ది, అది మన చట్టం ప్రకారం నిషిద్ధ బోరు, మామూలు లైసెన్సుకు రాదు. విదేశీ తుపాకులు మామూలు జనం దిగుమతి చేసుకోవడం 1980ల నడుమే ఆగిపోయింది. ఈ సంగతి బామ్మర్దికి చెప్పకండి. "చూస్తా ఉండాను, ఇంకా తేల్చుకోలేదు" అనండి. మర్యాద దక్కుతుంది.

దిగుమతి ఆగడం వల్ల మన దగ్గర తరాల లెక్కే తలకిందులైంది. తాతల కాలంలో వచ్చిన ఇంగ్లీషు .32 రివాల్వర్ పనిచేసే స్థితిలో ఉంటే, నిన్న కాన్పూరులో తయారైన కొత్తదానికన్నా చాలా ఎక్కువ పలుకుతుంది. కాబట్టి అటువంటిది మీ బీరువాలో ఉంటే ఆలోచించకుండా పాత సామాను కింద అమ్మేసి కొత్తది తెచ్చుకోండి. కొన్నవాడు జీవితాంతం మీ పేరు చెప్పుకుంటాడు.

మనకు తరాలు పుట్టేది కాన్పూరులోని ప్రభుత్వ ఆయుధ కర్మాగారంలో. పాత .32 ఉంది కదా, నా దగ్గరున్న రకం, అది ఇంగ్లీషు వెబ్లీకి వారసుడు. నడుం దగ్గర విరిచినట్టు ముందుకు వంగి తెరుచుకుంటుంది. ఆరు గుండ్లు పడతాయి. 2014లో నిర్భీక్ వచ్చింది. ఢిల్లీ అమ్మాయి మీద జరిగిన ఘోరం తర్వాత ఆడవాళ్ల రక్షణకని చెప్పి, ఆమెను జనం పిలిచిన 'నిర్భయ' పేరు గుర్తొచ్చేట్టు పెట్టారు. టైటానియం కలిసిన లోహం, బరువు 500 గ్రాములు, అప్పటి ధర 1,22,360 రూపాయలు. రాత్రిపూట బస్సెక్కే ఆడపిల్లకు లక్షా ఇరవై రెండు వేల రివాల్వర్ కొనుక్కోమని చెప్పిన పెద్దమనిషి ఎవరో గానీ, సలహాలివ్వడంలో నా గురువు.

తర్వాత 2021 అక్టోబరు 1న ప్రభుత్వ ఆయుధ కర్మాగారాలన్నిటినీ ఏడు కంపెనీలుగా విడగొట్టారు. అందులో కాన్పూరు కంపెనీ 2023 ఆగస్టు 18న ప్రబల్‌ని తెచ్చింది. ఇందులో గుండ్ల చక్రం పక్కకు జరుగుతుంది, విరవక్కర్లేదు. గుండు 50 మీటర్లు అందుకుంటుందని ప్రచారం. నేను వెంటనే మా గుంటకు లెక్క కట్టాను. హెక్టారు గుంట నలుచదరంగా ఉంటే ఒక్కో గట్టు 100 మీటర్లు. షెడ్డు ఒక మూల. అంటే ప్రబల్ సగం గట్టు దాకా చూసుకుంటుంది, మిగతా సగం దొంగ తనంతట తాను నడిచి రావాలి. నా పాతదైతే దొంగ షెడ్డు లోపలికి వచ్చి కూర్చోవాలి. ఈ ఒక్క మెరుగుదల చాలు, కొనేయొచ్చు.

బరువు కూడా చూడాలంటారు. ప్రబల్ 700 గ్రాములు, నిర్భీక్ 500. లుంగీలో దోపుకునేవాడికి 200 గ్రాములు తేడానే. "ఆ 200 గ్రాములకు లక్ష పైన పోయడం దేనికి, పొద్దున తినే కారం దోసెల్లో ఒకటి తగ్గించుకుంటే సరిపోదా?" అని మా ఆవిడ అంది. ఆవిడకు టెక్నాలజీ తెలియదు.

మన తీరంలో ఉన్నవాళ్లకు మాత్రమే పనికొచ్చే చిట్కా ఇది, బాగా గుర్తుపెట్టుకోండి. పాతది పూర్తిగా బాగుంటే మార్చడానికి మనసొప్పదు. అందుకని దాన్ని బాగాలేకుండా చేసుకోవాలి. పెద్ద కష్టం కాదు, సముద్రమే చేసిపెడుతుంది. ఉక్కు రివాల్వర్‌ని తోలు ఒరలో పెట్టి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, మనకు వానలు దంచే మూడు నెలలూ, గట్టు మీది షెడ్డులో మేత బస్తాల పక్కన వదిలేయండి. తోలు చెమ్మను పీల్చి కడుపులో పెట్టుకుని ఉక్కుకు పూస్తుంది. ఉప్పు గాలి మిగతా పని చూసుకుంటుంది. సంక్రాంతికి తీసి చూస్తే గొట్టం నిండా ఎర్రగా కుంకుమ రాసినట్టు ఉంటుంది. 'చూశావా, పాత తరం ఇంతే' అని ఇంట్లో చూపించండి. కొత్తది రాగానే దాన్నీ అదే ఒరలో పెట్టండి. ఒరలోంచి తీసి, పొడిగుడ్డతో తుడిచి, పల్చగా నూనె రాసి, చెమ్మ తగలని చోట పెట్టే పిసినారులు మా ఊళ్లో ఇద్దరున్నారు. వాళ్ల రివాల్వర్లు తండ్రుల కాలం నాటివి, ఇప్పటికీ మిలమిలలాడుతుంటాయి. అలాంటివాళ్లను చూసి నేర్చుకోవద్దు.

కొన్నాక చూపించుకోవడం ఎక్కడ అన్నది ఇంకో సమస్య. వెనకటికి పెళ్లి ఊరేగింపులో గాల్లోకి పేల్చేవాళ్లు. 2019 డిసెంబరులో సవరించిన ఆయుధాల చట్టం వేడుకల్లో ప్రాణాల మీదికి తెచ్చేట్టు పేలిస్తే రెండేళ్ల దాకా జైలు, లేదంటే లక్ష దాకా జరిమానా, లేదంటే రెండూ అంది. పైగా ఊరేగింపు వీడియో తీసేవాడు ఎప్పుడూ ఉంటాడు. సాక్ష్యం మీ ఖర్చుతోనే తయారవుతుంది, ఆల్బం కూడా ఇస్తాడు.

అందుకని నేను ఎన్నికలనే నమ్ముకున్నాను. కోడ్ రాగానే లైసెన్సు ఉన్నవాళ్లం ఠాణాకు వెళ్లి డిపాజిట్ చేయాలి. 2024లో మార్చి 16న కోడ్ వచ్చింది, మే 13న పోలింగ్, జూన్ 4న లెక్కింపు. ఇన్ని రోజులూ మా మగతనమంతా రసీదు కాగితం రూపంలో పర్సులో ఉండింది. కానీ డిపాజిట్ చేసే రోజు వరస చూడాలి! చుట్టుపక్కల ఊళ్ల ఆసాములందరూ ఒకేసారి, ఒకే అరుగు మీద, ఒరల్లోంచి తీసి బల్ల మీద పెడతారు. ఆయుధాలకు పెళ్లిచూపులు అక్కడే. నాది చూసి ఒకాయన "ఇంకా ఇదేనా అన్నా?" అన్నాడు. మార్చాలన్న ఆలోచన నాకు పుట్టింది ఆ బల్ల దగ్గరే. దొంగ ఒక్కడూ ఇంతవరకూ ఆ మాట అడగలేదు. మీరు కూడా కొత్తది ఆ బల్ల మీద ఎలా కనిపిస్తుందో ఊహించుకుని కొనండి. అన్నట్టు, నాది ఠాణాలో ఉన్న దాదాపు మూడు నెలల్లో మా గుంటల మీద దొంగతనాలు పెరగలేదు, తగ్గనూ లేదు. ఇది యాదృచ్ఛికం అయుంటుంది.

పాతది అమ్మకుండా కొత్తవి చేర్చుకుంటూ పోదామనుకుంటున్నారా? ఒకప్పుడు ఒక మనిషికి మూడు ఉండొచ్చు. అదే 2019 సవరణ రెండుకు తగ్గించింది.

కాగితాల పని ఉంటుంది. దానికి భయపడకండి, కాలక్షేపం అనుకోండి. పాతది అమ్మడానికి అనుమతి, కొత్తది లైసెన్సులో ఎక్కించడం, లైసెన్సుకిచ్చే గుర్తింపు సంఖ్య యు.ఐ.ఎన్. సరిచూసుకోవడం. ఎక్కడికి వెళ్లాలో మాత్రం ముందు కనుక్కోండి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు గూడూరు, సూళ్లూరుపేట వైపు తిరుపతి జిల్లాలోకి వెళ్లాయి. సముద్రం కదల్లేదు, గుంటలు కదల్లేదు, ఫైళ్లు కదిలాయి. దొరవారిసత్రం దగ్గర నేలపట్టు, ఆ పక్కన పులికాటు, రెండూ పక్షుల అభయారణ్యాలే కదా. వన్యప్రాణుల సంరక్షణ చట్టం, అంటే 1972 నాటిది, ఏమంటుందంటే, అభయారణ్యానికి పది కిలోమీటర్లలోపు కొత్త ఆయుధ లైసెన్సు ఇవ్వాలంటే ముందుగా అటవీశాఖ ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి ఒప్పుకోవాలి. అంటే అక్కడి రైతుకు రివాల్వర్ రావాలంటే గూడబాతుల తరఫు వాళ్ల సమ్మతి కావాలి. నాకు ఈ చట్టం బాగా నచ్చింది. మా ఊళ్లో కూడా బాతుల్ని అడిగే ఇవ్వాలి, ఫ్లోటు సంగతి వాటికి తెలుసు.

శ్రీహరికోట మనకు పక్కనే కాబట్టి అక్కడి రాకెట్ల వాళ్లను చూసి నేర్చుకోమని మా అబ్బాయి అంటాడు. వద్దు. వాళ్లు తరం మార్చే పద్ధతి వేరు. 1980 జూలై 18న ఎస్.ఎల్.వి.-3 పైకి పంపింది నలభై కిలోల లోపు ఉపగ్రహం. టన్నుల్లో మోయాల్సి వచ్చాక వేరే రాకెట్లు కట్టారు. 1993లో మొదలైన పి.ఎస్.ఎల్.వి.ని మాత్రం దశాబ్దాల పాటు వాడారు, పాతదైందని సముద్రంలో పారేయలేదు. మోయాల్సిన బరువును బట్టి వాహనం ఎంచుకుంటారట! నేను మోసే బరువు ఇరవై మూడేళ్లకు ఒక గుండు. ఆ లెక్కన నాకు రావాల్సింది బొమ్మ తుపాకీ.

సరే, ఒక్క మాట నిజాయితీగా చెప్పేస్తాను. ఈ ముప్పై ఏళ్లలో రొయ్యల రైతు మీద పడ్డ శత్రువులెవరో లెక్కపెట్టుకుంటే, టైగర్ రొయ్యను తుడిచిపెట్టిన తెల్లమచ్చల వైరస్ ఒకటి. అప్పుడు మేం తుపాకీ మార్చలేదు, రొయ్యను మార్చి వెనామీ వేశాం. అర్ధరాత్రి కరెంటు పోయి ఏరేటర్లు ఆగితే తెల్లారేసరికి తెల్లగా తేలే రొయ్య ఒకటి. 2025 ఆగస్టులో అమెరికా వేసిన 50 శాతం సుంకం ఒకటి. వీటిలో ఒక్కదానికైనా .32 బోరు గుండు సరిపోతుందేమో కాన్పూరు వాళ్లను అడగాలి. బామ్మర్ది ఆ సుంకం గురించి ఏమీ అనలేదు. కొత్త పిస్టల్ ఫోటో మాత్రం పంపించాడు.

పోయిన నెల మా గుంట మీద దొంగలు మళ్లీ పడ్డారు. ఏరేటర్ మోటార్లు రెండు విప్పేశారు. రివాల్వర్ ఊళ్లో బీరువాలో ఉంది, నేను దాని పక్కన మంచం మీద ఉన్నాను. కాపలా పిల్లవాడు తెచ్చిపెట్టుకున్న నాటు కుక్క మొరిగి మొరిగి వాళ్లను గట్టు దాటించింది. మోటార్లు అక్కడే వదిలేసి పోయారు. రివాల్వర్ మార్చడం గురించి ఇంకా సందేహాలుంటే మైపాడు వచ్చి అడగండి, ఎవరినడిగినా మా గుంట చూపిస్తారు. పొద్దుండగానే రండి. వచ్చేటప్పుడు కుక్కకు ఒక బిస్కెట్ ప్యాకెట్టు తెండి.