సోఫాకు తగ్గ చిత్రకళ

కోకాపేటలో ఫ్లాటు కొన్నవాడికి ముఖ్యంగా మూడుండాలి: మాడ్యులర్ కిచెను, ఫాల్స్ సీలింగు, ఒక వైకుంఠం. మొదటి రెంటికీ గ్యారంటీ కార్డు అడుగుతారు. మూడోదానికి అడగరు, అడిగితే ఇబ్బంది.

వైకుంఠం అంటే చిత్రకారుడు తోట వైకుంఠం గారనుకునేరు. కాదు, ఆయన గీసినట్టుండే ఆడమనిషి. నుదురంతా నిండిన బొట్టు, ముక్కుపుడక, ఎర్రచీర, వీలుంటే చిలక. మా హైదరాబాద్‌లో ఈమె లేని రెస్టారెంటు లేదు, క్యాలెండరు లేదు. చివరికి కుషన్ కవరు మీదికీ వచ్చింది. కుట్టేవాడికి కాపీరైట్ చట్టం తెలియకపోయినా బొట్టు ఎక్కడ రావాలో తెలుసు. సరిగ్గా మనం వీపు ఆనించే చోట.

ఈమధ్య ఒక గృహప్రవేశానికి వెళ్తే హాల్లో నిలువెత్తు బొమ్మ. "ఒరిజినలేనా?" అన్నాను. "మరి! కాన్వాసే," అన్నాడు ఇంటాయన. సంతకం కనబడదేమంటే, "ఏసీ అడ్డొచ్చిందండీ, కింద కాస్త కోయించాం," అన్నాడు. గోడ రంగు, బొమ్మ రంగు, సోఫా రంగు కలిసేలా ఇంటీరియర్ డిజైనరే చూసుకుందట. చీర మొదట ఎరుపేనట, సోఫా కోసం నెమలికంఠం రంగు చేయించారట.

వైకుంఠం గారు 1942లో కరీంనగర్ ప్రాంతపు బూరుగుపల్లిలో పుట్టారు. ఊళ్లో నాటకాల వాళ్లు ఆడవేషం కట్టేటప్పుడు పూసుకునే రంగులు చూస్తూ పెరిగారు. బరోడాలో కె.జి. సుబ్రహ్మణ్యన్ దగ్గర చదువుకుని కూడా ఊరి వైపే తిరిగారు. 1988లో బి. నర్సింగరావు తీసిన 'దాసి' సినిమాకు కళాదర్శకత్వం చేసి జాతీయ అవార్డు తెచ్చుకున్నారు. అందులోని దొర గడీలో ఏ వస్తువు ఎక్కడుండాలో అమర్చి దేశం చేత శభాష్ అనిపించుకున్న మనిషి బొమ్మకు చీర రంగు మార్చడానికి ఎంత నిబ్బరం కావాలి!

గీసినవాడి కోసం చట్టం లేదా అంటే, ఉంది. కాపీరైట్ చట్టం 53ఎ సెక్షను ప్రకారం ఒరిజినల్ బొమ్మ పదివేలు దాటి మళ్లీ అమ్ముడైతే గీసినవాడికీ వాటా ఉంటుంది, పది శాతం మించకుండా. అయితే ముందు ఒరిజినల్ అంటూ ఒకటి కొనాలి కదా. మాదాపూర్‌లో స్టేట్ ఆర్ట్ గ్యాలరీ ఉందండీ అంటే, "అది ఫంక్షన్ హాలు కాదా? పార్కింగ్ బాగుంటుందా?" అన్నాడు ఇంటాయన.

అంతలో పనావిడ బొమ్మ తుడవడానికి వచ్చింది. "మెల్లగా, ఖరీదైంది," అని ఇంటావిడ కేక. పనావిడ గుడ్డ పట్టుకుని ఆగి, బొమ్మను కిందినుంచి మీదిదాకా చూసింది. ఆ సాయంత్రం అంతసేపు దాన్ని చూసినవాళ్లు ఇంకెవరూ లేరు.

"గీ చిలకను పట్టుకొని కూసుంటే ఇంట్ల పనెవరు జేస్తరమ్మా?" అంది.

ఇంటావిడ నవ్వలేదు. నేను సెలవు తీసుకుని లిఫ్టెక్కాను. లోపల గోడకు స్టిక్కరు రూపంలో ఇంకో వైకుంఠం, అదే బొట్టు, అదే చిలక. కింద అసోసియేషన్ వారి నోటీసు: పనివాళ్లు వెనక లిఫ్టు వాడవలెను.