ఒకే ఒక్క సభ్యుడు

బదిలీల జీవో వస్తోందని తెలియగానే ఆ ఆఫీసులో సంఘ చైతన్యం పెల్లుబికింది. గుర్తింపు పొందిన సంఘంలో ఆఫీస్ బేరరైతే 9 ఏళ్ల దాకా కదపకుండా ఉండే వెసులుబాటు ఒకటుంది మరి. నలుగురి కోసం పైవాళ్లతో గొడవపడేవాణ్ని కక్షకొద్దీ మారుమూలకి తోసెయ్యకూడదని ఇచ్చిన రక్షణ అది. గొడవ జోలికి పోకుండా రక్షణ మాత్రం కావాలనేవాళ్లు ప్రతి వేసవికీ పుట్టుకొస్తారు.

తాలూకా యూనిట్ పెట్టే పనంతా ఇన్‌వర్డ్ సీటు జూనియర్ అసిస్టెంటు నెత్తినేసుకున్నాడు. పాపం, అతనిది నిఖార్సయిన పిచ్చి. సంఘం పెట్టుకునే హక్కిచ్చే రాజ్యాంగం 19(1)(సి) నిద్రలో లేపి అడిగినా అప్పజెబుతాడు. బొంబాయి అకౌంటెంట్ జనరల్ ఆఫీసు జోసెఫ్ కేసంటే అతనికి సుందరకాండ.

"గుర్తింపు పోయిన సంఘంలో కొనసాగడమే తప్పని ఆయన మీద ఛార్జి పెట్టారండీ. ఆ రూలే చెల్లదు పొమ్మంది 1962లో సుప్రీంకోర్టు. గుర్తింపు తీసేసినంత మాత్రాన సర్కారు కూడా మనల్ని సంఘంలోంచి పొమ్మనలేదు!"

టీ చల్లారిపోయేదాకా చెప్పేవాడు. వినేవాళ్లు "నాకే పోస్టు రాశావోయ్?" అంటూ జాబితాలోకి తొంగిచూసేవాళ్లు.

సూపరింటెండెంటుగారు అధ్యక్షులు. ఉపాధ్యక్షులు ముగ్గురు. మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేని రికార్డ్ అసిస్టెంటు క్రీడా కార్యదర్శి. అందరికీ సర్దేసరికి పదవులు అయిపోయాయి. అడుగున తన పేరు రాసుకుని, ఎదురుగా 'సభ్యుడు' అని పెట్టుకున్నాడు.

"సంఘమన్నాక ఒక్క సభ్యుడైనా ఉండాలి కదండీ" అని నవ్వాడు కూడా.

ఆ నెలాఖరుకి ఆ ఆఫీసుకి వచ్చిన బదిలీ ఉత్తర్వు ఒక్కటే. ఎవరికో చెప్పక్కర్లేదు. అది అందిన గంటలోనే రిలీవ్ చేసేశారు. ఆ కాగితం పట్టుకుని సరాసరి అధ్యక్షులవారి టేబుల్ దగ్గరికి వెళ్లాడు.

"నా బదిలీని ఖండిస్తూ ఒక తీర్మానం చెయ్యండి సార్."

ఆయన కళ్లజోడు సవరించుకుని కాగితం ఆసాంతం చదివాడు.

"చేద్దుమయ్యా. కానీ రిలీవైపోయావు గదా! ఇప్పుడు నువ్వు మా యూనిట్ సభ్యుడివి కావు."

పక్క సీట్లోంచి కోశాధికారి రసీదు పుస్తకం తీశాడు.

"సభ్యత్వం చందా మాత్రం బాకీ ఉన్నావు తమ్ముడూ. కట్టేసి వెళ్లు."