నేను నీళ్ళ గోలీని

నా పేరు ఫ్యూరోసిమైడ్. ఆదిలాబాద్‌లో ఆ పేరుతో నన్ను పిలిచేది డాక్టర్లే. మిగతావాళ్ళకు నీళ్ళ గోలీని. 1960లలో జర్మనీలోని హెక్స్ట్ కంపెనీ నన్ను బయటికి తెచ్చింది. అంతకుముందు ఒంట్లో నీరు తీయడానికి పాదరసం కలిసిన సూదులు వేసేవారు.

నేను చేరిన ఇంట్లో అవ్వకు గుండె బలహీనం. పొద్దుగూకేసరికి పాదాలు ఉబ్బేవి. వేలితో ఒత్తితే గుంట అట్లాగే నిలిచేది. పొద్దున చాయ్ తాగి నన్ను మింగేది. మూత్రపిండాలు రోజుకు సుమారు 180 లీటర్లు వడగట్టి, దాదాపు అంతా మళ్ళీ రక్తానికే ఇచ్చేస్తాయి. అక్కడ ఉప్పు వెనక్కి మళ్ళే మలుపులో నేను అడ్డం నిలబడతాను. ఉప్పు బయటికి నడిస్తే నీరు దాని వెంటే నడుస్తుంది. గంటలోపు మొదలై ఆరేడు గంటలు సాగుతుంది నా పని.

అవ్వకు కష్టం ఆ గంటలతోనే. పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో నాగోబా జాతర. "బస్సుల ఒంటికొస్తే ఏడికి పోవాలె బిడ్డా? రెండొద్దులు బంద్ పెడ్త" అని కోడలికి చెప్పి, నన్ను మెత్త కింద దాచి, గుడిహత్నూర్ మీదుగా జాతరకు పోయింది. ఆమెను తప్పుపట్టను. దారి పొడుగునా ఆడమనిషికి చాటు లేకపోవడం ఆమె చేసిన నేరం కాదు.

రెండొద్దులు నాలుగయ్యాయి. చుట్టాలింట్లో ఉప్పు నిండిన పచ్చడి, అప్పడాలు. ఇల్లు చేరిన రాత్రి పడుకుంటే దమ్ము ఆడక, కూర్చునే తెల్లవారించింది. పెద్ద దవాఖానలో నేనే సూదిమందునై నరంలోకి వెళ్ళి నీరు దించాల్సి వచ్చింది.

"ఇల్లు చేరినంక ఏసుకుంటే అయిపోవు గదా అవ్వా, ఒక్కమాట అడగకపోతివి" అంది డాక్టరమ్మ. సిగ్గుతో అడగలేదు అవ్వ. ఇప్పుడు రోజూ పొద్దున బరువు చూసుకుంటుంది. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే దవాఖానకు ఫోన్ చేస్తుంది.

ఒక్కటి చెప్పాలి. వాపు కనబడగానే నన్ను కొనుక్కుని మింగకండి. బోదకాలు వాపు నాతో తగ్గదు. నీటితోపాటు పొటాషియాన్నీ తోడేస్తాను. రక్తపరీక్షలు లేకుండా వాడితే గుండె లయే తప్పవచ్చు. డాక్టరు రాసి ఇచ్చినవాళ్ళు మాత్రం ఊరికి పోయే రోజు నన్ను మానకండి. ఏ వేళకు మింగాలో ముందే అడగండి.