మజురో వెళ్లని నావికులకు మజురో మార్గదర్శి

విశాఖలో ఏ పడవవాణ్నయినా బతిమాలుకుని, రేవు బయట లంగరేసి ఉన్న పెద్ద ఓడల వెనకవైపు ఒక చుట్టు చుట్టిరండి. తాటికాయలంత అక్షరాల్లో ఓడ పేరు, దాని కిందే దాని ఊరి పేరు కనిపిస్తాయి. మజురో, మన్రోవియా, పనామా. ఈ మూడు పేర్లే మళ్లీ మళ్లీ తగులుతుంటే, ప్రపంచంలో ఓడలు పుట్టే పురిటిగదులు ఈ మూడేనా అని అనుమానం వస్తుంది.

వీటిలో మజురో మార్షల్ దీవుల రాజధాని. 2021 జనగణన ప్రకారం ఆ దేశ జనాభా 42 వేల చిల్లర. మన దగ్గర అయితే ఓ మోస్తరు మునిసిపాలిటీ. జెండా కింద తిరిగే ఓడల టన్నుల లెక్క తీస్తే మాత్రం ప్రపంచంలోని మొదటి మూడు దేశాల్లో అదొకటి. తీరమున్న దేశాలు వచ్చే నావికుల కోసం సమాచార పత్రాలు వేస్తుంటాయి. మజురో పేరు మోసే ఓడల్లో చెమటోడ్చే మనవాళ్లకు ఆ ఊరు చూసే యోగం ఎలాగూ లేదు. కాబట్టి వెళ్లనివాళ్ల కోసం ఈ పత్రం.

1. ఉనికి

పసిఫిక్ మహాసముద్రంలో, హవాయికీ ఆస్ట్రేలియాకూ నడుమ 29 పగడపు వలయాలు, 5 విడి దీవులు. అన్నీ కలిపి 181 చదరపు కిలోమీటర్ల నేల, అంటే మన మండలం పాటి. సముద్రం వాటా దాదాపు 20 లక్షల చదరపు కిలోమీటర్లు. నేల చాలాచోట్ల నీటిమట్టానికి రెండు మీటర్ల ఎత్తే. కాస్త పొడగరి లేచి నిలబడితే ఆ చుట్టుపక్కల అతనే కొండ.

2. ప్రవేశమార్గాలు

ఇవి రెండు. మొదటిది కలాలిన్ మార్గం. సముద్రంలోంచి మజురో మడుగులోకి తీసుకెళ్తుంది. రెండువైపులా పగడపు దిబ్బలుంటాయి, జాగ్రత్త. తెరచాప పడవలో సరదాగా వచ్చినవాడు బయటి దీవులకు పోవాలంటే ముందుగా అనుమతి పట్టాలి. ఒకరి ఊరికి వెళ్తున్నాం కదా, మర్యాద.

రెండోది రెస్టన్ మార్గం. రెస్టన్ అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో, వాషింగ్టన్ శివారులో ఉంది. సముద్రం లేదు, రేవు లేదు, కెరటం అంతకన్నా లేదు. మార్షల్ దీవుల ఓడల రిజిస్ట్రీని నడిపే ప్రైవేటు సంస్థ కార్యాలయం మాత్రం ఉంది. ఇక్కడ పగడపు దిబ్బల బెడద లేదు. మూడు లక్షల టన్నుల ట్యాంకరైనా సంతకాల మీదుగా ఇట్టే దాటిపోతుంది. మన్రోవియా ఓడలకు లైబీరియా జెండా ఇచ్చే కార్యాలయం ఆ పక్కనే డల్లెస్‌లో ఉంది. ఆఫ్రికానూ పసిఫిక్‌నూ ఇరుగుపొరుగు చేసిన ఘనత భూగోళశాస్త్రానిది కాదు, వర్జీనియాది.

3. ఇంటిపేరు

ఓడకూ జెండా ఇచ్చిన దేశానికీ మధ్య ‘నిజమైన సంబంధం’ ఉండాలని 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒప్పందం, 91వ అధికరణంలో చెప్పింది. సంబంధం ఏ పాటిదైతే నిజమైనదవుతుందో మాత్రం చెప్పలేదు. పెళ్లి సంబంధం చూడమన్నారు గానీ పిల్లను చూడాలని ఎవరూ రాయలేదు.

అర్థం కాకపోతే హైదరాబాదు నుంచి రాత్రిళ్లు బయల్దేరే స్లీపర్ బస్సుల వెనక చూడండి. నాగాలాండ్ నంబరు, అరుణాచల్ నంబరు. ఆ బస్సు ఎన్నడైనా కొహిమా ఘాట్‌రోడ్డు ఎక్కిందా? పన్ను ఎక్కడ తక్కువో అదే దాని పుట్టినూరు. మనం దాన్ని బినామీ అంటాం. సముద్రం మీద అదే పని చేస్తే ‘ఓపెన్ రిజిస్ట్రీ’ అని గౌరవంగా పిలవాలి. రవాణా కార్మికుల అంతర్జాతీయ సమాఖ్యకు మర్యాద తక్కువ. వాళ్లు దాన్ని ‘సౌకర్యపు జెండా’ అనే అంటారు. వాళ్లు వేసిన అలాంటి జెండాల జాబితాలో మార్షల్ దీవులూ ఉన్నాయి, మంగోలియా కూడా ఉంది. మంగోలియాకు సముద్రం లేదు కదా అని అడక్కండి. రెస్టన్‌కు మాత్రం ఉందా?

న్యాయంగా ఒక మాట. రేవు తనిఖీల మార్కుల్లో మార్షల్ దీవుల జెండాకు మంచి పేరే ఉంది, తుక్కు ఓడల జాబితాలో లేదు. ఇక్కడ ప్రశ్న ఓడ గట్టిదా కాదా అని కాదు. ఓడకు ఏదైనా అయితే ఎవరి గుమ్మం ముందు నిలబడాలని.

4. ప్రమాదం జరిగినచో

2010 ఏప్రిల్ 20న మెక్సికో సింధుశాఖలో డీప్‌వాటర్ హొరైజన్ రిగ్గు పేలింది. 11 మంది చనిపోయారు. బావి బ్రిటన్ కంపెనీది, రిగ్గు స్విట్జర్లాండ్ కేంద్రంగా ఉన్న కంపెనీది, దాన్ని కట్టింది కొరియాలో, మునిగింది అమెరికా ముంగిట్లో. ఇంటిపేరు మాత్రం మజురో. తనిఖీలను ప్రైవేటు క్లాసిఫికేషన్ సంస్థలకు వదిలేసిందని అమెరికా కోస్ట్‌గార్డ్ ఆ చిన్న దేశాన్నీ తప్పుపట్టింది. నూనె పారినంత మేర తెల్లదొరలు, నింద దగ్గరికొచ్చేసరికి కొబ్బరిచెట్ల కింది దేశానికీ ఓ వాటా.

5. మిమ్మల్ని పట్టుకున్నచో

2022 ఆగస్టులో హీరోయిక్ ఇడున్ అనే ట్యాంకరును ఈక్వటోరియల్ గినియా పట్టుకుంది. 26 మంది సిబ్బందిలో 16 మంది భారతీయులు. జెండా మార్షల్ దీవులది. ఆ దేశానికి సైన్యం లేదు, దాని రక్షణను ఒప్పందం ప్రకారం అమెరికా చూసుకోవాలి. అయినా పాపం, హాంబర్గులోని సముద్ర చట్ట ట్రిబ్యునల్ తలుపు తట్టింది. ఆ తలుపు తెరుచుకునేలోపే ఓడను నైజీరియాకు తరలించేశారు. మనవాళ్లు ఇల్లు చేరేసరికి 2023 సగానికొచ్చింది. జెండా గాలికి ఎగురుతుంది, నిజమే. గాలి మళ్లితే పట్టుకునే చేయి ఏదన్నది ఏ సమాచార పత్రంలోనూ ఉండదు.

6. దర్శనీయ స్థలాలు

బికినీ: 1946లో ఇక్కడి జనాన్ని ‘మానవాళి మేలు కోసం’ అని చెప్పి ఖాళీ చేయించారు. మానవాళిలో వాళ్లను లెక్కేసుకోలేదు. 1946 నుంచి 1958 దాకా ఈ దీవుల్లో అమెరికా జరిపిన అణుపరీక్షలు 67. 1954 మార్చి 1న పేల్చిన బ్రావో ఒక్కటే హిరోషిమా బాంబుకు వెయ్యి రెట్లు. తొలి బాంబు పడిన నాలుగు రోజులకే పారిస్‌లో ఓ రకం ఈతదుస్తులకు ఆ పేరు పెట్టారు. ఊరు పోయింది, పేరు మిగిలింది. ఓడల వాళ్లకు ఆ కిటుకు తర్వాత తెలిసింది.

రునిట్: ఎనెవెటాక్ వలయంలో ఓ బాంబు గుంత. అణుధూళిని అందులో పోగేసి పైన సుమారు అర మీటరు మందాన కాంక్రీటు గుమ్మటం కప్పారు. స్థానికులు దాన్ని సమాధి అంటారు. సముద్రం దాని పాదాల దగ్గరే ఉంటుంది.

ది హేగ్: దీవుల్లో లేదు, అయినా చూడదగ్గదే. అణ్వాయుధాలు వదులుకునే బాధ్యతను ఎగ్గొట్టారంటూ 2014లో మార్షల్ దీవులు తొమ్మిది దేశాల మీద అక్కడి అంతర్జాతీయ న్యాయస్థానానికెక్కాయి. ఆ తొమ్మిదిలో మన దేశమూ ఉంది. 2016లో బ్రిటన్, పాకిస్తాన్, భారత్ మీది కేసులను తమ పరిధి కాదంటూ కోర్టు తోసిపుచ్చింది. దేశం గోడు పరిధిలోకి రాదు. దేశం పేరు మాత్రం ఎంత పెద్ద ఓడ మీదికైనా సరిపోతుంది.

7. వాతావరణం

ఎండ, వాన, పోటు. ఏడాదికేడాది పోటు కాస్త ఎక్కువ. ఈ నేలను ముంచుతున్న వేడిలో ఓడల పొగకూ వాటా ఉంది. ఆ పొగలో మజురో పేరున్న గొట్టాల వాటా చిన్నది కాదు. దేశానికి ఆ సంగతి తెలుసు. టన్ను కర్బన ఉద్గారానికి 100 డాలర్ల సుంకం వేయాలని 2021లో సోలమన్ దీవులతో కలిసి ప్రతిపాదించింది. తన జెండా కట్టుకున్నవాళ్ల మీదే పన్ను వేయమని అడిగిందన్నమాట. ఓడల నిబంధనలు రాసే పెద్దలు ఆలోచించారు, చర్చించారు, పలచబరిచారు. చివరికి 2025 అక్టోబరులో లండన్‌లో ఓటింగ్ దాకా వచ్చిన ముసాయిదాను ఏడాదిపాటు వాయిదా వేశారు. కూర్చున్న కొమ్మను నరుక్కునేవాణ్ని మూర్ఖుడంటారు. కొమ్మను అద్దెకు తీసుకుని నరికేవాణ్ని ఓడ యజమాని అంటారు.

8. నావికావిద్య

ఈ దేశపు పాత సరంగులు కొబ్బరి ఈనెలను ముడివేసి, వాటి మీద గవ్వలు కట్టి సముద్రపటాలు చేసేవారు. ఈనె కెరటం, గవ్వ దీవి. ఒడ్డున ఆ పటాన్ని కంఠస్థం చేసి, దాన్ని ఇంట్లో వదిలేసి బయల్దేరేవారు. పడవ అడుగున కెరటం ఎలా కుదుపుతోందో ఒంటితో పట్టి, కనిపించని దీవి ఎటుందో చెప్పగలిగేవారు. ఓడకూ దేశానికీ ఉండాల్సిన నిజమైన సంబంధం అంటే అది. దానికి రిజిస్ట్రేషన్ రుసుము లేదు.

9. భాష

‘ఇయాక్వే’ అంటే నమస్కారం, వెళ్లొస్తాను, ప్రేమ కూడా. ఒకే మాట. నేర్చుకోవడం తేలిక. వాడే అవకాశం మీకు రాదు.

10. అనుబంధం

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరితోటల మధ్య పుట్టిన కుర్రాడొకణ్ని ఊహించుకోండి. అప్పుచేసి ఏజెంటుకు కట్టి, సీడీసీ అనే నావికుల పుస్తకం సంపాదించి, ఓడెక్కాడు. తొమ్మిది నెలలు ఇంజను గదిలో ఉడికి తిరిగొచ్చాడు. పెరట్లో ఈనెలు చీరి చీపురు కడుతూ వాళ్లమ్మ అడిగింది.

“నీ ఓడదే ఊరన్నావురా?”

“మజురో.”

“ఎలాగుంటాదేటి ఆ ఊరు?”

“చూళ్లేదమ్మా. ఓడ ఎనకాల రాసుంటాది, అంతే.”

ఆమె చేతిలోని ఈనెలను ముడేసింది. “కొబ్బరిచెట్లు ఉంటాయేటి?”

వాడికి తెలీదు. తెలిసుంటే, మన ఉద్దానం లాంటిదేనమ్మా అని చెప్పేవాడు. పేరు మజురో, సంతకం రెస్టన్, మజూరీ మనవాడిది. లాభం ఏ ఊరిదో ఏ ఓడ వెనకా రాసి ఉండదు.