టికెట్ లేని ప్రయాణం

గౌలిగూడ పాత బస్టాండు రేకుల డోమ్ 2018 జులై 5న కూలిపోయింది.

ఆ బస్టాండు జనమంతా ఎటు పోయారా అనుకున్నాం. మా వైఫై ఎక్కారు!

నెట్ నత్తనడక నడుస్తోందని రౌటర్ పేజీ 192.168.1.1 తెరిచి చూశాం. ఇంట్లో ఉన్నది ముగ్గురం. జాబితాలో పరికరాలు 11. అందులో ఒకటి టీవీ. మాకు టీవీయే లేదు. (ఆదివారం క్రికెట్ కామెంటరీ ఏ గోడ అవతలి నుంచి వినబడుతుందో తెలుసు లెండి.)

పాస్‌వర్డా? ఒకటి నుంచి ఎనిమిది దాకా, వరసగా. ఎనిమిదికి తగ్గితే రౌటర్ ఒప్పుకోదు గనక ఆ మాత్రమైనా పెట్టాం.

రాత్రికి రాత్రి మార్చేశాం.

పది నిమిషాల్లో తలుపు దబదబ. పక్కింటాయన.

"ఏందన్నా, నెట్ బందయింది? కంప్లైంట్ ఇచ్చినవా లేదా?"

వెనక మెట్ల మీద ఇంకో నలుగురు, ఫోన్లు పైకెత్తి.