‘మేమిద్దరమే’ వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: “శని, ఆదివారాలు ఆగ్రా చూసి వచ్చేస్తాం, మేమిద్దరమే.”

ఇది దంపతులలో ఒకరు ఇంటివాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టిన వాక్యం. పెట్టింది భార్యా, భర్తా అని వ్యాఖ్యాతలు తగవులాడుకోవచ్చుగాని అర్థానికి దానివల్ల లోటు లేదు. మెదక్ సీమ కొల్చారానికి చెందిన మల్లినాథసూరి టీకాకారుడు మూలాన్ని దాటి పోరాదని నియమం పెట్టుకున్నాడు. ఈ టీకా కూడా దాన్ని పాటిస్తుంది. మూలం మరీ పొట్టిది కనక అప్పుడప్పుడు యమున మాత్రం దాటవలసి ఉంటుంది. ఇక ప్రతిపదార్థం. ‘శని, ఆదివారాలు’ అనడంలో శుక్రవారం కాదని ధ్వని. శుక్రవారం తాజ్‌మహల్ మూసి ఉంటుంది. ఢిల్లీ నుంచి ఆగ్రాకు గంటా నలభై నిమిషాల్లో చేర్చే గతిమాన్ ఎక్స్‌ప్రెస్సూ ఆ రోజు నడవదు. కర్తకు లోకజ్ఞానం పుష్కలం. ‘మేమిద్దరమే’లో చివరి ఏత్వం అవధారణార్థకం. అత్తగారిని, ఆడపడుచు పిల్లల్ని, “ఖాళీ ఉంటే మేమూ వస్తాం” అనబోయే తోడికోడల్ని ఆ ఒక్క ఏత్వమే గుమ్మం దగ్గర ఆపేసింది. కనక ఈ వాక్యానికి ప్రాణం ఆగ్రా కాదు, ఆ ఇద్దరూను. ఇద్దరి కోసం ఆగ్రా చూడదలచినవాళ్లు మొట్టమొదట తాజ్‌మహల్‌కు పోరాదని, యమున తూర్పు ఒడ్డున ఇతిమాద్-ఉద్-దౌలా సమాధికి పోవాలని ఈ టీకా సిద్ధాంతం.

దీనికి ఉపపత్తి ఆ కట్టడంలోనే ఉంది. పర్షియా నుంచి వచ్చి జహంగీర్ కొలువులో పెద్ద పదవికెక్కిన మీర్జా గియాస్ బేగ్ బిరుదు ఇతిమాద్-ఉద్-దౌలా. ఆయన భార్య అస్మత్ బేగం 1621లో పోయింది. కొద్ది నెలలకే, 1622లో ఆయనా పోయాడు. కూతురు నూర్జహాన్ తల్లిదండ్రులిద్దరికీ కలిపి 1622, 1628 మధ్య ఈ సమాధి కట్టించింది. ఒంటినిండా తెల్ల పాలరాయి, ఆ రాతిలో రంగురాళ్లు పొదిగి తీర్చిన సైప్రస్ చెట్లు, పూలకుండీలు, మధుపాత్రలు. ఆగ్రా ఆటోవాళ్లు, గైడ్లు దీన్ని ‘బేబీ తాజ్’ అంటారు. ఇది అపప్రయోగం. తాజ్ పని మొదలైంది 1632లో, అంటే ఇది పూర్తయ్యాక. పైగా ముంతాజ్ ఈ గియాస్ బేగ్ కొడుకు ఆసఫ్ ఖాన్ కూతురు. తాతగారిల్లు చూపించి మనవరాలి బొమ్మరిల్లు అనడం ఏ వ్యాకరణానికీ నప్పదు. అసలు విషయం లోపల ఉంది. నడిగదిలో సరిగ్గా మధ్యన ఉన్నది భార్య సమాధి; భర్తది ఆమె పక్కన. ముందు వెళ్లినవారికి నడుమ చోటు, తర్వాత వచ్చినవారు పక్కన సర్దుకోవాలి. బిరుదు, పదవి ఇక్కడ పరిగణనకు రాలేదు.

ఈ ఏర్పాటు చూడకుండా నేరుగా తాజ్‌కు పోయినవాళ్లకు గైడు తప్పకుండా ఒక కథ చెబుతాడు. కట్టడమంతా కుడిఎడమలు తూచినట్టు సమానం, ఒక్క షాజహాన్ సమాధే పక్కన ఇరికించినట్టుంది. కాబట్టి ఆయన ఏటి అవతల తనకోసం నల్లరాతి తాజ్ కట్టుకోవాలనుకున్నాడు, కొడుకు సాగనివ్వలేదు అని. దీనికి ప్రమాణం లేకపోలేదు. మన కొల్లూరు వజ్రాల గని గురించి రాసిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్, షాజహాన్ ఏటి అవతల తన సమాధి మొదలుపెట్టాడనీ, కొడుకులతో యుద్ధం అడ్డొచ్చిందనీ రాశాడు. కాని 1990ల్లో అవతలి ఒడ్డున మెహతాబ్ బాగ్‌లో తవ్వి చూస్తే బయటపడింది సమాధి పునాది కాదు, ఎనిమిది పలకల కొలను. ఇక ఆ పక్కన ఇరికించడం అంటారా, అది ముంతాజ్ తాతామామ్మల సమాధిలో ఉన్న ఏర్పాటే. ఆమె 1631లో బుర్హాన్‌పూర్‌లో 14వ కాన్పులో పోయింది. నడుమ చోటు ఆమెది. ఆయన 1666లో వచ్చాడు. పక్కన చోటు ఆయనది. అందరూ లోపమనుకునేది నిజానికి ఆ వంశపు ఆనవాయితీ. ముందు చిన్న సమాధి చూసినవాళ్లకు పెద్దదానిలో ఇది దానంతటదే తెలుస్తుంది. వెనకముందులు చేసి చూస్తే గైడు కథే మిగులుతుంది.

ఇక్కడ పూర్వపక్షి లేస్తాడు: ఉన్నవి రెండు రోజులు, ఏటి అవతలికి పోయే తీరికెక్కడ? తాజ్ టికెట్టు చెల్లేదే మూడు గంటలు. అక్కడ రోజంతా కూర్చోవాలన్నా కూర్చోనివ్వరు; మిగిలిన పూట ఏం చేస్తారో పూర్వపక్షే చెప్పాలి. అతని రెండో అభ్యంతరం: దంపతులు పనిగట్టుకుని సమాధికి పోవడం అమంగళం కదా. మరి తాజ్ ఏమిటి? ప్రేమచిహ్నమనే బోర్డు తగిలించినంత మాత్రాన కింద నేలమాళిగలో ఉన్నవి సమాధులు కాకుండా పోవు. మూడోది కాస్త గట్టిది: ఆ చిన్న సమాధి ముందు దిగిన ఫొటో గ్రూపులో పెడితే ఎవరూ గుర్తుపట్టరు. నిజమే. అయితే ‘మేమిద్దరమే’ అన్నాక గ్రూపును మెప్పించే పూచీ కర్తకు లేదు. ఎవరూ గుర్తుపట్టని చోట పక్కవాళ్ల మోచేతులు కూడా తగలవని అదనపు లాభం.

‘చూసి’ అనేదానికి వ్యాఖ్యానం కోటలో దొరుకుతుంది. తాజ్‌ను దూరం నుంచి ఏళ్ల తరబడి చూసినవాడు షాజహాన్: 1658 నుంచి 1666 దాకా ఆగ్రా కోటలో కొడుకు ఔరంగజేబుకు బందీగా. అంత చూసినా ‘వచ్చేస్తాం’ అనే వీలు ఆయనకు లేకపోయింది. మన కర్తకు ఉంది, అదీ ఆదివారం రాత్రికే. కాని ఈ క్రియ వినగానే గ్రూపులో ‘ఏం తెస్తారు’ అనే ఆకాంక్ష పుడుతుంది. ఆగ్రాలో దానికి సమాధానం పేఠా. బూడిద గుమ్మడికాయను పంచదార పాకంలో ఉడికించి చేసే మిఠాయి అది. మన ఇళ్లలో దిష్టికి గుమ్మానికి కట్టేది ఆ కాయనే కనక, అమంగళమన్న పూర్వపక్షి ఇంటికి ఒక డబ్బా ఎక్కువ పంపితే సరి.