పాయింట్ ఏడు స్వాతంత్ర్యం

కెనడాలోని కాల్గరీ నగరంలో తాగునీటిలో ఫ్లోరైడ్ కలపాలా వద్దా అని 1957లో జనాన్ని అడిగారు. వద్దన్నారు. 1961లో అడిగారు. వద్దన్నారు. 1966లోనూ 1971లోనూ అదే ప్రశ్న, అదే జవాబు. 1989లో ఐదోసారి అడిగితే విసుగొచ్చిందో, పళ్ళు సలిపాయో, సరే కలపండన్నారు. 1991లో కలపడం మొదలైంది. మనసు మారిందేమోనని 1998లో ఇంకోసారి అడిగారు, మారలేదు. ఓటరు మాట మీద ఇంత గౌరవమున్న నగర కౌన్సిల్, 2011 ఫిబ్రవరిలో మాత్రం ఎవర్నీ అడక్కుండా, పదిమంది ఔనంటే ముగ్గురు కాదంటే, ఫ్లోరైడ్‌ను ఆపేసింది.

కారణం పొదుపు. కలిపే యంత్రాలు పాతబడ్డాయి. మార్చాలంటే 60 లక్షల డాలర్లు, నడపాలంటే ఏడాదికి ఏడున్నర లక్షలు. ఓటుహక్కు లేని పిల్లల పళ్ళకు అంత ఖర్చెందుకు?

అదే రాష్ట్రంలో ఎడ్మంటన్ అనే ఇంకో ఊరుంది. అక్కడ 1967 నుంచీ కలుపుతూనే ఉన్నారు. కొన్నేళ్ళ తర్వాత పరిశోధకులు రెండు ఊళ్ళలోనూ రెండో తరగతి పిల్లల నోళ్ళు తెరిపించి చూస్తే, పుచ్చుపళ్ళున్నవాళ్ళు ఎడ్మంటన్‌లో నూటికి 55 మంది, కాల్గరీలో 65 మంది. 2021లో ఏడోసారి జనాన్ని అడిగారు. నూటికి 62 మంది మళ్ళీ కలపండన్నారు. వాళ్ళన్నాక ఇంకో నాలుగేళ్ళు పట్టింది. 2025 జూన్ 30న ఫ్లోరైడ్ తిరిగి నీళ్ళలో పడేసరికి బిల్లు 2 కోట్ల 81 లక్షల డాలర్లు. 60 లక్షలు మిగల్చడానికి రెండు కోట్ల ఎనభై లక్షలు ఖర్చుపెట్టే విద్య మనవాళ్ళే కనిపెట్టారనుకునేవాణ్ణి. రివైజ్డ్ ఎస్టిమేట్ అనే ఆ కళకు మంచుదేశంలోనూ గురువులున్నారు.

అమెరికాలో పోర్ట్‌లాండ్ కథ దీనికి తలకిందులు. 2012లో కౌన్సిల్ సభ్యులు ఐదుగురూ ఏకగ్రీవంగా కలుపుదామన్నారు. 2013 మేలో ఓటర్లు ఆ తీర్మానాన్ని చెత్తబుట్టలో వేశారు. మా నీళ్ళు స్వచ్ఛమైనవి, వాటిలో ఏదీ కలపొద్దన్నది వాళ్ళ వాదన. ఆ స్వచ్ఛత మీద పట్టింపు ఎంతదంటే, మరుసటేడు ఒక కుర్రాడు కంచె పక్కన నిలబడి రిజర్వాయరులోకి మూత్రం పోశాడని 3 కోట్ల 80 లక్షల గ్యాలన్లు పారబోస్తామని అధికారులు ప్రకటించారు. బఫెలో నగరం ఈ రచ్చంతా మనకెందుకనుకుంది. 2015లో ఫ్లోరైడ్ ఆపేసి, ఆ సంగతి ఊరికి చెప్పడం మరిచిపోయింది. జనానికి తెలిసింది 2023లో, అదీ పేపర్లో చదివి. ఏడేళ్ళపాటు ఏ పక్షమూ ధర్నా చేయని ఫ్లోరైడ్ విధానం ప్రపంచంలో ఇదొక్కటే అయ్యుంటుంది.

2025కల్లా గొడవ కౌన్సిళ్ళు దాటి గవర్నర్ల దాకా పోయింది. ముందు యూటా నిషేధించింది, వెనకే ఫ్లోరిడా. లీటరుకు 0.7 మిల్లీగ్రాములు కలపడం బలవంతపు వైద్యమట, పౌరుడి స్వేచ్ఛకు భంగమట. 1950లలో ఇదే ఫ్లోరైడ్‌ను అక్కడ కమ్యూనిస్టుల కుట్ర అన్నవాళ్ళున్నారు. కుట్ర పాతదే, కుట్రదారులే మారారు. ఈ స్వేచ్ఛాయోధుల చేతిలో ఉన్న ఆయుధం ఒక నివేదిక. అమెరికా ప్రభుత్వ సంస్థే, నేషనల్ టాక్సికాలజీ ప్రోగ్రామ్, 2024లో ఇచ్చింది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్‌కూ పిల్లల తెలివి తగ్గడానికీ సంబంధం కనబడుతోందని అందులో ఉంది. 0.7 సంగతి తేల్చడానికి ఆధారాలు చాలవనీ అందులోనే ఉంది గానీ, ఆ వాక్యం దాకా చదివే ఓపిక గవర్నరుకు ఉండాలని ఏ రాజ్యాంగంలోనూ లేదు. ఇంతకీ ఆ నివేదికకు ఆధారమైన అధ్యయనాలు ఎక్కడివి? చాలావరకు చైనావి, తర్వాత భారత్, ఇరాన్ లాంటి దేశాలవి. అంటే మనలాంటి దేశాల్లో పిల్లలు తాగిన బోరు నీళ్ళు సముద్రాలు దాటి ఫ్లోరిడాలో సాక్ష్యం చెప్పొచ్చాయి. సొంతూళ్ళో వాటి సాక్ష్యం వినే నాథుడు లేడు మరి.

మన దగ్గరికి ఫ్లోరైడ్ తీర్మానం మీద రాలేదు. 1945 జనవరిలో మిషిగన్ రాష్ట్రంలోని గ్రాండ్ రాపిడ్స్ ప్రపంచంలో మొదటిసారి ఊరి నీళ్ళలో దాన్ని కలిపింది. అంతకు ఎనిమిదేళ్ళ ముందే, 1937లో, మద్రాసు ప్రెసిడెన్సీ డాక్టర్లు పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల్లో బిగిసిన వెన్నులూ తిరగని మెడలూ చూసి, నేరం నీళ్ళలోని ఫ్లోరైడ్‌దేనని రాసిపెట్టారు. లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉంటే పన్నును కాపాడుతుంది. అంతకు నాలుగైదు రెట్లు ఏళ్ళ తరబడి తాగితే ఎముకను బిగదీస్తుంది. ఐదో తరగతి పిల్లకు అర్థమయ్యే ఈ ముక్క రెండు ఖండాల నాయకులకూ ఎక్కకపోవడానికి కారణం ఒకటే. పరీక్షనాళికలో ఓటు రంగు తేలదు.

నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు పల్లెల కింద ఉన్నది ఫ్లోరైడ్ ఖనిజాలు కలిసిన గ్రానైటు. చెరువులెండి, బావులెండి, బోరు లోతుకు పోయినకొద్దీ ఆ రాయిలోని సరుకు నీళ్ళలోకి దిగింది. కాల్గరీలో కోట్ల డాలర్లు పోసి చేసిన పనిని ఇక్కడ భూమి ఉచితంగా, జనాభిప్రాయ సేకరణ లేకుండా, పరిమితికి ఎన్నో రెట్లు ఎక్కువగా చేసిపెట్టింది. 1970లలో నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేసి నీళ్ళలోని ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి తయారుచేసి, దానికి నల్లగొండ టెక్నిక్ అని పేరుపెట్టింది. ఆ పేరు కెన్యా, టాంజానియా, ఇథియోపియాల దాకా పోయింది. అక్కడి ఇంజనీర్లకు నల్లగొండ అంటే ఒక పరిష్కారం. మన పార్టీలకు నల్లగొండ అంటే ఒక నియోజకవర్గం.

అందుకే 1996లో నల్లగొండ రైతులు పార్టీలకు తెలిసిన ఆ ఒక్క భాషలోనే మాట్లాడదామనుకున్నారు. జలసాధన సమితి పిలుపుతో వందల మంది లోక్‌సభకు నామినేషన్లు వేశారు. గెలవడానికి కాదు, ఒక్కసారి ఢిల్లీ తమవైపు తలతిప్పి చూస్తుందని. బరిలో 480 మంది మిగిలారు. బ్యాలెట్ పత్రం పుస్తకమై కూర్చుంది. ఓటరు తన గుర్తు వెతుక్కోవాలంటే పేజీలు తిప్పాలి. పోలింగ్‌నే వాయిదా వేయాల్సి వచ్చింది.

ఢిల్లీ నిజంగానే తలతిప్పి చూసింది. కదిలింది కూడా. ఇంత త్వరగా మన పార్లమెంటు ఒక సమస్యను గుర్తించి, ఇంత కచ్చితమైన మందు వేసిన సందర్భాలు అరుదు. అదే ఏడాది చట్టం మారింది. లోక్‌సభ డిపాజిట్ 500 రూపాయల నుంచి 10,000 రూపాయలకు పెరిగింది. గుర్తింపు పొందిన పార్టీ అండలేనివాడు నిలబడాలంటే ఒకరు కాదు, పదిమంది ఓటర్లు ప్రతిపాదించాలన్నారు. (పాపమంతా నల్లగొండదే అనలేం. అదే ఏడాది తమిళనాడులో మొడకురిచి అసెంబ్లీ స్థానానికి వెయ్యిమందికి పైగా నిలబడ్డారు.) నీళ్ళలో ఫ్లోరైడ్ మోతాదు ఉన్నచోటే ఉంది, అభ్యర్థుల మోతాదు మాత్రం అనుమతించిన పరిమితికి దిగొచ్చింది.

కాగితం మీద చెబితే వినలేదని మనుషుల్నే మోసుకుపోయారు. 2003లో ఫ్లోరోసిస్‌తో ఒళ్ళు ఎదగని ఒక యువకుణ్ణి ప్రధాని వాజపేయి ముందు బల్లమీద ఉంచి చూపించారు. ఫైళ్ళు పెట్టేచోట మనిషిని పెడితే ఫైలు కదులుతుందని ఆశ. ఫొటో బాగానే తిరిగింది.

ఈలోగా పల్లెల్లో ఇంకో రకం భగీరథులు పుట్టారు. ఊరి మధ్య ఆర్వో ప్లాంటు, దానిమీద నాయకుడి నిలువెత్తు ఫొటో, ఇరవై లీటర్ల క్యానుకు ఇంతని రేటు. సర్కారు బోరింగు నీళ్ళు తాగి నడుం పట్టేసిందా, అయితే నావి కొనుక్కో. ఆ ప్లాంటు వడకట్టి వదిలేసే నీళ్ళలో ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. ఆ నీళ్ళు మోరీలో పడి, మోరీ నుంచి నేలలోకి ఇంకి, కింద బోరును మళ్ళీ పలకరిస్తాయి. ఫ్లోరైడ్ పోవాలని స్థానిక నాయకుడు మనస్ఫూర్తిగానే కోరుకుంటాడు. మొత్తం పోతే ప్లాంటు గతేమిటన్నదే ఆయన బెంగ.

తెలంగాణ వచ్చాక నీళ్ళొచ్చాయి. ఆ మాట దాచడం పాపం. మిషన్ భగీరథ పైలాన్‌ను 2015లో మునుగోడు ప్రాంతంలోని చౌటుప్పల్‌లోనే ఆవిష్కరించారు. ఇంటింటికీ నల్లా నీళ్ళివ్వకపోతే ఓట్లడగనని అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ శపథం పట్టారు. పైపుల్లో కృష్ణమ్మ వచ్చింది. 2015లో 967 ఫ్లోరైడ్ ఆవాసాలుంటే 2020 ఆగస్టు నాటికి ఒక్కటీ లేదని కేంద్రమే పార్లమెంటుకు చెప్పింది. సున్నా. ఎన్నికలు మాత్రం 2018 డిసెంబరులోనే అయిపోయాయి. శపథానికీ క్యాలెండరుకూ ఆ కాస్త తేడా సర్దుకోవాలి.

ఆ సున్నా ఆవాసాల లెక్క. ఎముకల లెక్క ఎవరూ కట్టలేదు. ఒకసారి బిగుసుకున్న వెన్ను కృష్ణా నీళ్ళు తాగినంతమాత్రాన సాగదు. కానీ ఫైలులో ఫ్లోరైడ్ లేదు కాబట్టి ఫ్లోరైడ్ మనిషీ ఉండకూడదు. ఉన్నాడా, పింఛను కావాలంటే వైకల్యం కొలిచే సర్కారు క్యాంపుకు పోవాలి. నిలబడలేని కాళ్ళతో క్యూలో నిలబడి, తాను నూటికి కనీసం నలభై వంతులు వంగిపోయానని డాక్టరు చేత రాయించుకుని రావాలి. ముప్పై ఎనిమిది వంతులు వంగినవాడు సర్కారు లెక్కలో నిటారుగా ఉన్నట్టే.

ఇలా సున్నా అయిపోయిన ఫ్లోరైడ్‌కు 2022లో పునర్జన్మ వచ్చింది. మునుగోడుకు ఉప ఎన్నిక పడింది. అప్పటిదాకా లేని బాధితులు అన్ని పార్టీలకూ ఒకేసారి కనబడ్డారు. అప్పటి మంత్రి కేటీఆర్ ఒక బాధితుడి ఇంటికెళ్ళి భోంచేశారు. తరిమింది ఎవరు, తరమనిది ఎవరు, అసలు పోయిందా లేదా అని మైకులు అరిచినంత సేపూ ఫ్లోరైడ్ నియోజకవర్గంలో అందరికన్నా పెద్ద స్టార్ క్యాంపెయినర్. నవంబరు 3న పోలింగ్ అయింది, దాని కాల్షీట్లూ అయిపోయాయి.

ఆ ప్రచారం జోరుమీదున్న రోజుల్లోనే చౌటుప్పల్ దగ్గర దండుమల్కాపురంలో ఎవరో గొయ్యి తవ్వి, సమాధిలా మట్టి పోసి, అప్పటి బీజేపీ జాతీయ అధ్యక్షుడు జె.పి. నడ్డా ఫొటో పెట్టారు. అంతకుముందు కేంద్ర ఆరోగ్యమంత్రిగా ఉండగా అక్కడ ఫ్లోరైడ్ పరిశోధన కేంద్రం పెట్టిస్తానని మాటిచ్చి మరిచారన్న కోపమట. బతికున్న మనిషికి సమాధి ఏమిటని ఆయన పార్టీవాళ్ళు మండిపడ్డారు, అదీ న్యాయమే. అయితే ఆ పరిశోధన కేంద్రం పేరుమీద జనానికి కనబడిన పార పోటు అదొక్కటే. చేసేవాళ్ళు ఇంకో రెండొందల అడుగులు తవ్వి ఉంటే నీళ్ళు కూడా పడేవి, పరిశోధనకు సరిపడా ఫ్లోరైడ్‌తో.